బ్యాక్‌రెస్ట్‌కు రెండో పక్క

మా ఇంట్లో మోటారుసైకిల్ నడిపేది నా భార్య. వెనక కూర్చునేది నేను. కంబదూరులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, దీని మీద ఓ జోకు వేయనివాళ్లూ లేరు. చిన్నప్పుడు తుమ్మముల్లు గుచ్చుకుని నాకు ఎడమ కన్ను పోయింది. మిగిలిన కన్ను దోసె కాల్చడానికి, అరువు పెట్టేవాడి మొహం గుర్తుపెట్టుకోవడానికి చాలు. హైవే మీద లారీకీ లారీకీ మధ్య సందు అంచనా వేయడానికి మాత్రం చాలదు. అందుకని నేను బండి నేర్చుకోలేదు. ఆ బాధ కూడా నాకు లేదు. ఆమె అంత బాగా తోలుతుంటే నేను నేర్చుకుని ఏం ఉద్ధరించాలి?

ఆమె నా మేనమామ కూతురు. హైస్కూల్లో ఆటల టీచరు. నేను బస్టాండు పక్కన టిఫిన్ హోటల్ నడుపుతాను. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, దోసె. ఊరంతా ముసుగు తన్ని పడుకున్న వేళ నేను పొయ్యి వెలిగించాలి. అలాగని పెందలాడే పడుకుందామంటే నిద్ర రాదు. పిండి పులిసిందా, రేపటికి బొరుగులు చాలతాయా, గ్యాస్ అయిపోతుందేమో, ఇదే ధ్యాస. మాత్రలు వాడాను, పాలు తాగాను, తలకు ఆముదం పెట్టుకున్నాను. దేనికీ లొంగని నిద్ర అది.

ఆమె జీతంలోంచి మిగుల్చుకుని, దూరప్రయాణాలకని తయారుచేసిన ఒక పెద్ద బండి కొనుక్కుంది. వెనక రెండు వైపులా పెట్టెలు, ముందు గాలిని ఆపే అద్దం. బడికి సెలవులిస్తే హోటల్ మా తమ్ముడికి అప్పగించి ఇద్దరం బయలుదేరేవాళ్లం. హంపికి పోయాం, శ్రీశైలం ఘాట్ ఎక్కాం, రామేశ్వరం చూశాం. ఆమె బండి తోలే తీరు నేను ఎంత చెప్పినా తక్కువే. గుంత దగ్గరికి వచ్చాక బ్రేకు తొక్కే రకం కాదు, గుంత కనబడకముందే వేగం తగ్గి ఉంటుంది. గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టదు, ఇంజన్ ఆపేసి కాళ్లు నేల మీద పెట్టి, మంద మొత్తం దాటేదాకా కాపరితో వానల గురించి మాట్లాడుతుంది. గేరు మారినట్టు నాకు తెలిసేది శబ్దంలోనే తప్ప ఒంటికి తెలిసేది కాదు.

ఒక్క విషయంలోనే మాకు చిన్న తగువు. ఊరు దాటగానే ఆమె బండి ఆపి, నా టవల్ తీసుకుని ఇద్దరి నడుములకూ కలిపి చుట్టి, ముందు వైపు ముడి వేసేది. మా వైపు పసిపిల్లల్ని బండి మీద తీసుకుపోయేటప్పుడు ఇట్లాగే చేస్తారు, నిద్రలో పక్కకు ఒరిగి పడిపోకుండా.

"నేనేమన్నా చిన్నపిల్లోన్నా?" అనేవాణ్ని.

"మూట కట్టకుండా బండి తోలేది మా ఇంట్లో అలవాటు లేదు బావా," అనేది.

నన్ను మూటతో పోల్చిందని ఉడుక్కునేవాణ్ని. ఆ తరువాత గాలి మొహానికి తగులుతుంటే అంతా మరిచిపోయేవాణ్ని.

రామేశ్వరం నుంచి తిరిగొచ్చిన రోజు ఆమె బండి దిగి, నిటారుగా నిలబడలేక పెట్రోల్ ట్యాంకు పట్టుకుంది. బడి గ్రౌండులో ఎండలో పిల్లలతో సమానంగా పరిగెత్తే మనిషి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. నాలుగు రోజులు పోయాక కూడా తగ్గకపోతే అనంతపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను, బస్సులో.

డాక్టరు పెద్దాయన. నడుము నొక్కి చూసి, కాళ్లు ఎత్తించి, చివరికి భుజం కింద వీపు మీద కమిలిన చోటు చూపించి, "నడుము నొప్పి సరే. ఈడ నల్లగా కమిలిందే, ఏం తగుల్తాందమ్మా?" అన్నాడు.

"బ్యాగు సార్," అంది ఆమె వెంటనే.

మా సామానంతా పక్క పెట్టెల్లో ఉంటుంది, ఇదేం బ్యాగు అనుకున్నాను. కానీ డాక్టరు ముందు భార్య మాటకు అడ్డు తగిలే ధైర్యం నాకు లేదు.

"నొప్పి కాళ్లలోకి దిగకముందే జాగ్రత్త పడాల. ఈపుకు ఆనుకునేకి ఏమన్నా పెట్టిచ్చుకో, లేదంటే ఆ బండి అమ్మేయ్. రెండిట్లో ఏదో ఒకటి," అన్నాడాయన.

తిరిగి వస్తూ ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోడ్డునే చూస్తూ వచ్చింది. దసరా సెలవులకు కన్యాకుమారి పోదామని ఏడాదిగా అనుకుంటున్నాం. బండి అమ్మేస్తే ఆగిపోయేది కన్యాకుమారి ఒక్కటే కాదని నాకు తెలుసు. మేనమామ కూతురు కదా, పావడా కట్టుకున్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆమె సంతోషమంతా హ్యాండిల్ మీద చేతులు వేసినప్పుడే కనిపిస్తుంది. అది పోతే మిగిలే మనిషిని ఊహించుకోవడానికే నాకు భయం వేసింది.

ఆ రాత్రే ఫోనులో బ్యాక్‌రెస్ట్‌ల కోసం వెతికాను. బండి నడిపేవాళ్ల వీపుకు ఆనుగా, రెండు సీట్ల మధ్య బిగించే దిండు అది. పొట్టివి, పొడుగువి, మడిచేవి, పక్కకు తిరిగేవి. హోటల్ నడిపేవాణ్ని, నాకు తెలిసిన లెక్క ఒకటే, పెద్ద ప్లేటులో పెడితే మనిషి సంతోషిస్తాడు. అన్నిట్లోకీ పెద్దది, పొడుగుది తెప్పించాను.

దాన్ని హోటల్ ముందే బిగించాం. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక, టిఫినుకు వచ్చినవాళ్లంతా వరసగా ఎక్కి కూర్చుని చూశారు. కడుపు నిండా ఉగ్గాని తిన్న మనిషిని స్టాండు వేసిన బండి మీద కూర్చోబెడితే ఏ దిండైనా బాగానే ఉంటుంది. ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

"ఏమన్నా ఉండాదప్పా ఇది. కుర్చీ మాదిరి ఉండాది," అన్నాడు శెనక్కాయల వ్యాపారి ఒకాయన, దిగడానికి మనసు రాక.

ఆమె అందరి మాటా విని నవ్వింది. మరునాడు కళ్యాణదుర్గం దాకా పోయి చూద్దామంది. సగం దూరం పోయేసరికే తెలిసింది. పైఅంచు భుజాల దగ్గర తగిలి ఆమెను ముందుకు నెడుతోంది, నడుము దగ్గరేమో ఖాళీ. ఇక నా వైపు ఇనుప రేకు. దారి పొడుగునా నా హెల్మెట్ దానికి తగిలి టక్కుటక్కుమంటూనే ఉంది. రోడ్డు ఇంత పాడైపోయిందేమని అనుకున్నాను. కళ్యాణదుర్గంలో ఆమె బండి ఆపి, పానా తీసి, నేను టీ చెప్పేలోపల దాన్ని విప్పేసింది.

"అంత పెద్దది తెప్పిచ్చినానే," అన్నాను, మొహం చిన్నబుచ్చుకుని.

"నీ మనసు పెద్దది బావా, నా ఈపు గాదు," అంది.

ఆ తరువాత ఆదివారం బస్సెక్కి బెంగళూరు పోయాం. అక్కడ పెద్ద బండ్ల సామాను అమ్మే షాపులో గోడ నిండా బ్యాక్‌రెస్ట్‌లు తగిలించి ఉన్నాయి. షాపతను తెలుగువాడే. ఒక్కొక్కటీ తీసి మెత్తదనం చూపిస్తున్నాడు. ఆమె ఆ మెత్తదనం ఒక్కసారి నొక్కి చూసి, దిండును వెనక్కి తిప్పేది. వెనక వైపు వేళ్ల కణుపులతో కొట్టి చూసేది. అన్నీ ఒకటే, అట్టో, రేకో, ప్లాస్టిక్కో. ప్రతిదీ అట్లా తిప్పి కొట్టి పక్కన పెట్టేసింది.

"మేడమ్, రైడర్ వెనక్కి తిరిగి చూడరు గదా," అన్నాడు షాపతను ఓపికగా.

"ఎనక కూర్చున్నోడు ముందుకే చూస్తాడు గదప్పా," అంది ఆమె.

అదేం సమాధానమో అతనికి అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు. వెనక కుట్టు సరిగ్గా ఉందో లేదో చూస్తోందనుకున్నాను. చీర కొన్నా తిరగేసి చూడందే కొనదు. వట్టి చేతులతో తిరిగొచ్చాం. దసరా దగ్గర పడుతోంది. ఆమె స్కూటర్ మీద బడికి పోయొచ్చినా సాయంత్రానికి నడుము పట్టుకుంటోంది. పెద్ద బండి మీద దుప్పటి కప్పింది. ఆ దుప్పటి చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

ఒక సాయంత్రం హోటల్ వెనక గదిలో శెనక్కాయల గోనెసంచి మీద కూర్చుని, గోడకు కాక ఇంకో సంచికి ఆనుకుని ఉన్నదల్లా లేచింది.

"బావా, మా నాయన బండి యాదికుండాదా?" అంది.

ఎందుకు గుర్తు లేదు? మా మామ ఆమెకు మోటారుసైకిల్ నేర్పింది విత్తనాలప్పుడే. వాన పడి పదును ఆరిపోకముందే విత్తనకాయ చేనికి చేరాలి. ఆయన విత్తే గొర్రు పట్టుకుని చేనులో ఉంటే, విత్తనాల మూటలు ఇంటి నుంచి చేనికి తోలే పని ఆమెది. మూటను సీటు మీద తాడుతో బిగించి, దానికి వీపు ఆనించి, బురద గట్ల మీద రెండు జడలతో పోయేది. ఊళ్లో మగవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. నేనూ చూసేవాణ్ని, ఉన్న ఒక్క కన్నుతో. పెళ్లి మాట పెద్దవాళ్లు ఎత్తకముందే నేను మనసులో ఖాయం చేసుకున్నది ఆ గట్ల మీదే.

"ఆ పొద్దు పొద్దంతా తోలినా నడుము నొయ్యలేదు. మూటే ఆనుగా ఉండె," అంది.

మరునాడు సెలవు. ఆమె దుప్పటి తీసేసి, గోనెసంచిలో శెనక్కాయలు పోసి, సీటు మధ్యలో నిలబెట్టి, తాడుతో కట్టింది. ఎక్కి కూర్చుంది. ఎత్తు ఎక్కువైందని దిగి, చేటతో కొన్ని తీసేసింది. మళ్లీ ఎక్కింది. ఈసారి వెలితిగా ఉందని రెండు దోసిళ్లు పోసింది. అట్లా పోసి, తీసి, మూతి బిగించి, సంచి మీద సుద్దముక్కతో గీత గీసింది. నిలబడ్డ బండి మీద సరిపోయింది సరే, పోయే బండి మీద చూడాలి కదా. నన్ను మూట వెనక కూర్చోమంది. టవల్ ఈసారి ఆమెను, మూటను, నన్ను కలిపి చుట్టడానికి చాలక, తాడు ముక్క జతచేసింది.

అనంతపురం దాటి బత్తలపల్లె దాకా పోయాం. మూట మెత్తగానే ఉంది. నేను దాని మీద చేతులు వేసి కూర్చున్నాను. అంతవరకే నాకు గుర్తు. బత్తలపల్లెలో టీ అంగడి ముందు బండి ఆగితే, ఇంత తొందరగా వచ్చేశామా అనుకున్నాను. దిగగానే ఒకాయన వచ్చి, అడగకుండానే సంచి మూతి వదులు చేసి చెయ్యి పెట్టి, ఒక కాయ తీసి వొలిచి నోట్లో వేసుకున్నాడు.

"కాయ బాగుండాదన్నా. ఇస్తావా?" అన్నాడు.

"అమ్మేకి గాదన్నా. ఆనుకునేకి," అన్నాను.

ఆయన నన్నూ మూటనూ మార్చి మార్చి చూశాడు. "ఆనుకునేకి శెనక్కాయలా? ఈ కరువులో ఇంత జరుగుబాటు యావూర్లో ఉండాదప్పా?" అన్నాడు. అంగడి ముందున్న వాళ్లంతా నవ్వారు. అంతలో టీ పోసే మనిషి నా హెల్మెట్ వైపు చూసి, "అన్న హెల్మెట్‌కు బొట్టు పెట్టుకున్నాడే," అన్నాడు. తీసి చూసుకుంటే నిజమే. సరిగ్గా నుదుటి దగ్గర ఎర్రమట్టి గుండ్రంగా అంటుకుని ఉంది, మధ్యలో గోనెనార పోగులతో సహా. సంచికున్న మట్టి ఎప్పుడు అంటిందో అనుకుంటూ టవల్‌తో తుడుచుకున్నాను. ఆమె టీ గ్లాసు వెనక నవ్వుకుంటోంది. నవ్వు కంటే నాకు ముఖ్యమైనది ఇంకొకటి కనబడింది. ఆమె నడుము మీద చెయ్యి లేదు.

తిరిగి వస్తూ అనంతపురంలో బండ్లకు సీటు కవర్లు కుట్టే అంగడి ముందు ఆపింది. అంగడాయన మూటను చూసి నవ్వలేదు. గీత ఎక్కడుందో చూశాడు, టేపు పెట్టి కొలిచాడు, ఆమె కూర్చున్నప్పుడు మూట ఎక్కడ నొక్కుకుపోతోందో చేత్తో తడిమాడు. నేను తెప్పించిన పెద్ద బ్యాక్‌రెస్ట్ పనికిరాకుండా పోలేదు. దాని ఇనుప కాడ గట్టిది, దాన్ని ఉంచి దిండు ఒక్కటే కొత్తగా కుడతానన్నాడు. ఆ మాటతో నా పరువు కాస్త నిలబడింది.

"ఎనక పక్క కూడా స్పాంజి ఎయ్యాలన్నా. ముందరి కంటే మెత్తగా," అంది ఆమె.

"ఎనక పక్క ఎందుకక్కా? ఆ పక్క ఎవురు ఆనుకుంటారు?" అన్నాడాయన.

"ఎవురూ ఆనుకోరు. మనిషి తల పడతాది," అంది.

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. అంగడిలో స్పాంజి కోస్తున్న ఇంకొకాయన కూడా చూశాడు. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరువాత అన్నీ ఒకటొకటే వచ్చి కూర్చున్నాయి. నుదుటి మీద ఎర్రమట్టి. ఇనుప రేకుకు టక్కుటక్కుమన్న హెల్మెట్. బెంగళూరులో తిప్పి తిప్పి కొట్టి చూసిన దిండ్లు. నడుముకు చుట్టిన టవల్. డాక్టరు చూపించిన కమిలిన చోటు, ఎప్పుడూ లేని ఆ బ్యాగు.

నేను దారంతా నిద్రపోయేవాణ్ని. హంపికి, శ్రీశైలానికి, రామేశ్వరానికి. అప్పుడప్పుడు కళ్లు మూసుకుంటానని నాకు తెలుసు, నాలుగు మైళ్లకోసారి ఒక కునుకు అనుకునేవాణ్ని. అడిగితే ఆమె అప్పుడు ఒప్పుకుంది, అది కునుకు కాదట. హెల్మెట్‌తో సహా నా తల బరువంతా ఆమె వీపు మీద వేసి, గురక పెట్టి మరీ పడుకునేవాణ్నట. ఆ బరువుకు ఆమె ముందుకు వంగి, నడుము బిగబట్టి, ఊళ్లకు ఊళ్లు దాటించేది. ఒక్కసారి కూడా భుజం విదల్చలేదు. ఒక్కసారి కూడా లేపలేదు. దారిలో ఏం చూశామో ఇంటికొచ్చాక నేను నలుగురికీ చెబుతుంటే పక్కనే కూర్చుని వినేది, కాదని ఒక్క మాట అనేది కాదు.

ఇంత ఓర్పు మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదు. ఆ అంగడిలో నిలబడి ఆమెను చూస్తుంటే నాకు సిగ్గు కంటే ముందు గర్వం కలిగింది. తన వీపుకు ఆనుకునేది వెతుక్కుంటూ ఇన్ని చోట్ల తిరిగిన మనిషి, ప్రతి చోటా మొదట చూసింది నా తల కోసం.

దిండు తయారైంది. ముందు వైపు నడుముకు సరిగ్గా ఆనేటట్టు కింద ఉబ్బెత్తు, పైన పలచన. వెనక వైపు మెత్తటి స్పాంజి, మధ్యలో నుదురు పట్టేంత చిన్న పల్లం. దసరా సెలవులివ్వగానే తెల్లారి బయలుదేరాం. ఊరు దాటాక ఆమె బండి ఆపి, టవల్‌ను బ్యాక్‌రెస్ట్ కాడ మీదుగా ఇద్దరికీ చుట్టి ముడి వేసింది. ఈసారి నేను ఏమీ అనలేదు.

అనలేదు గానీ మనసులో గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఆమె మీద నా బరువు పడకూడదు. నిటారుగా కూర్చుని, వెనక పట్టీ పట్టుకుని, కన్ను మూయకుండా పెనుకొండ దాటించాను. కొండలు ఇంత దగ్గరగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. నిద్ర ముంచుకొస్తుంటే తొడ గిల్లుకున్నాను. పాత పాటలు పాడాను. ఆమె అద్దంలో నన్ను చూస్తూనే ఉంది. చివరికి ఒక టీ అంగడి ముందు ఆపి, హెల్మెట్ తీసి, నా వైపు తిరిగింది. మొహంలో నవ్వు లేదు.

"ఏం బావా, మెత్తగా లేదా?"

"మెత్తగానే ఉండాది."

"మరి ఎందుకు పండుకోలేదు? నేను సరిగ్గా తోల్లేదా?"

"నువ్వు బాగా తోల్లేదని ఎవురన్నారు? ఇన్నాళ్లూ నీ ఈపు ఇరగ్గొట్టినా గదా. ఇంగ పండుకోను," అన్నాను.

ఆమె తలకు కట్టుకున్న గుడ్డ విప్పి దులుపుతూ, ఎప్పుడూ చెప్పని మాట అప్పుడు చెప్పింది. "ఇంట్లో నీకు నిద్ర రాదు. మాత్రలేసినా రాదు. నా ఎనక కూర్చుంటేనే వస్తాది. గుంతలో ఏసినా, గట్టిగా బ్రేకు కొట్టినా నీకు మెలకువొస్తాది. నువ్వు లెయ్యలేదంటే నేను బాగా తోలినట్టు. నాకు ఇంకెవురు చెప్పాల బావా ఆ మాట?"

కంబదూరులో ఆమె తోలడం గురించి అందరికంటే ఎక్కువగా మాట్లాడేవాణ్ని నేనే. ఆమెకు ఆ మాటలేవీ అక్కర్లేదు. నేను పడుకుంటే చాలు.

టీ తాగాం. బండెక్కాం. ఆమె టవల్ ముడి వేసింది. నేను నుదురు తీసుకుపోయి ఆ పల్లంలో పెట్టాను.

కన్యాకుమారిలో దిగాక ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు కాళ్లు పైకి మడుచుకుని, పిల్లలాగా నీళ్ల దాకా పరిగెత్తింది. బండి మీద దుప్పటి ఇంక కప్పలేదు.

హోటల్‌కు వచ్చేవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, కన్యాకుమారి దాకా రోడ్డు ఎట్లుండాదప్పా అని. నేను చూసింది పెనుకొండ దాకానే. అయినా చాలా బాగుండాది, ఒక్క గుంత కూడా లేదు అని చెబుతాను.